రెండు బోర్డుల్లో ఒక కాన్సాస్ పల్లె: మోసుకెళ్లగలిగే షంటింగ్ లేఅవుట్‌ను ఎలా నిర్మించాలి

మోడల్ రైళ్లపై ఆసక్తి ఉన్న తెలుగువారు, హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఉన్నా, డాలస్ శివారులో అద్దె ఇంట్లో ఉన్నా, తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఇల్లు మారినప్పుడు పగలగొట్టి పారేయాల్సిన అవసరం లేకుండా, కారులో పట్టేలా, అయినా గంటసేపు ఆసక్తిగా నడిపించగలిగేలా ఒక అమెరికన్ రైలు లేఅవుట్‌ను, అంటే పట్టాలూ ఊరూ కలిసిన నమూనాను, ఎలా కట్టుకోవాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం. మన రైల్వే ఉద్యోగులు షంటింగ్ అనే పనినే అమెరికన్లు స్విచింగ్ అంటారు. ఇంజను వ్యాగన్లను ఒక్కొక్కటిగా లాగి, తోసి, ఏ వ్యాగన్‌ను ఏ సరుకు దగ్గర నిలపాలో అక్కడ నిలపడమే ఆ పని. రైలు గుండ్రంగా తిరిగే లేఅవుట్‌కు గది కావాలి, షంటింగ్ లేఅవుట్‌కు ఒక గోడ చాలు.

ఇక్కడ నేను తీసుకున్న నమూనా 1980ల మధ్యకాలపు కాన్సాస్‌లో, గోధుమ పొలాల నడుమ ఒక బ్రాంచి లైను చివర ఉన్న చిన్న ఊరు. రాక్ ఐలాండ్ రైల్‌రోడ్ అనే పెద్ద కంపెనీ 1980 మార్చి 31న నడక ఆపేసింది, అదే ఏడాది అక్టోబరులో రైల్వే కంపెనీలపై ప్రభుత్వ నియంత్రణను సడలించిన స్టాగర్స్ చట్టం వచ్చింది. ఆ తరువాత పెద్ద కంపెనీలు వదిలించుకున్న ఎన్నో బ్రాంచి లైన్లను షార్ట్‌లైన్లు అనే చిన్న సంస్థలు నడిపాయి. పాత ఇంజను ఒకటి, మూడో నాలుగో వ్యాగన్లు, గడ్డి మొలిచిన పట్టాలు, ధాన్యం ఎలివేటరు (ధాన్యాన్ని నిల్వ చేసి వ్యాగన్లలో నింపే ఎత్తైన కట్టడం), ఎరువుల డీలరు ఉంటే ఊరు పూర్తయినట్టే. చిన్న బోర్డుకు ఇంతకంటే అనువైన దృశ్యం నాకు తెలియదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాటను గట్టిగా చెప్పాలి. పల్లె లేఅవుట్లు చెడిపోయేది పట్టాలు తక్కువై కాదు, ఎక్కువై. నా మొదటి ప్రయత్నంలో ఇదే పరిమాణంలో ఆరు పాయింట్లు, అంటే ఒక పట్టా రెండుగా చీలే చోట్లు, ఇరికించాను. అది పల్లెలా కనిపించలేదు, పట్టాల గోదాములా కనిపించింది, పైగా ఏ సైడింగులోనూ (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలో) రెండు వ్యాగన్లకు మించి పట్టలేదు. ఈ ప్రణాళికలో పాయింట్లు రెండే ఉన్నాయి. మూడోది కలపాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది, దయచేసి కలపకండి.

కావలసినవి

స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. స్థలం మరీ తక్కువైతే 1:160 నిష్పత్తి, 9 మి.మీ. గేజి గల ఎన్ స్కేలును ఎంచుకుని కింది కొలతలను సుమారు 0.55తో గుణించవచ్చు. అయితే మాటిమాటికీ వ్యాగన్లను కలిపి విడదీసే షంటింగ్‌లో హెచ్‌ఓ కప్లర్లే (వ్యాగన్లను కలిపే కొక్కేలు) నమ్మకంగా పనిచేస్తాయని నా అనుభవం.

- బోర్డులకు 9 మి.మీ. ప్లైవుడ్. భారతదేశంలో కొనేవారు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. వానాకాలపు చెమ్మకు సాధారణ కమర్షియల్ ప్లై వంకర తిరుగుతుంది.
- 914 మి.మీ. పొడవుండే ఫ్లెక్సిబుల్ ట్రాక్ ఏడు ముక్కలు, కోడ్ 83 లేదా కోడ్ 70. కోడ్ 83 అంటే పట్టా ఎత్తు 0.083 అంగుళం, అంటే 2.1 మి.మీ. ఇప్పటికే మీ దగ్గర కోడ్ 100 ట్రాక్ ఉంటే దానితోనే కట్టవచ్చు, కాకపోతే పల్లె సైడింగుకు అది కాస్త మోటుగా కనిపిస్తుంది.
- నంబరు 6 పాయింట్లు రెండు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. అవి దొరకకపోతే నంబరు 5 సరిపోతాయి. రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్ భాగానికి, అంటే అమెరికన్లు ఫ్రాగ్ అనే భాగానికి, కరెంటు అందే రకాన్నే తీసుకోండి.
- 5 మి.మీ., 3 మి.మీ. మందం కార్క్ షీట్లు.
- రాగిపూత ఉన్న పీసీబీ పలక చిన్న ముక్క, సీసం టంకం, ఫ్లక్స్, 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్.
- ఎరుపు, నలుపు రంగుల్లో 1 చదరపు మి.మీ. వైరు, ప్రధాన వైరు నుంచి పట్టాకు కరెంటు అందించే సన్నని ఫీడరు వైరు, బోర్డుల మధ్య కలపడానికి తిరగేసి గుచ్చలేని కనెక్టరు.
- 8 మి.మీ. బోల్టులు, రెక్కల నట్లు, అమరిక కోసం ఇత్తడి డోవెల్ జతలు (ఒక పిన్ను, అది బిగుతుగా దూరే గుంట). డోవెళ్లు దొరకకపోతే పిన్ను పైకి లాగి తీయగలిగే తలుపు మడత బందులు వాడవచ్చు.
- నాలుగు ఇరుసుల చిన్న ఇంజను ఒకటి. ఈఎండీ ఎస్‌డబ్ల్యూ1200 హెచ్‌ఓలో సుమారు 156 మి.మీ., జీపీ7 సుమారు 196 మి.మీ. ఉంటాయి. ఆరు ఇరుసుల పెద్ద ఇంజన్లు ఈ ఊరికి నప్పవు.
- వ్యాగన్లు ఎనిమిది: కవర్డ్ హాపర్లు (పైన మూతలుండే ధాన్యం వ్యాగన్లు) ఐదు, 50 అడుగుల బాక్స్‌కార్లు (మూసిన పెట్టెలాంటి వ్యాగన్లు) రెండు, ట్యాంకు వ్యాగన్ ఒకటి.
- పట్టాలను సరిచూసే ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) ట్రాక్ గేజి, కేడీ కంపెనీ కప్లర్ ఎత్తు గేజి. ఈ రెండూ విలాసాలు కావు. డబ్బు తక్కువైతే ఒక వ్యాగన్ మానుకుని ఇవి కొనండి.

1. ముందు కారును కొలవండి, తరువాత బోర్డును

ప్రామాణిక కొలతగా 1200 × 400 మి.మీ. బోర్డులు రెండు తీసుకుంటున్నాను. వెనుక సీటు మడిచిన చాలా కార్లలో ఇవి పడతాయి, కానీ మీ కారు తలుపు వెడల్పునూ, మీ భవనం లిఫ్టునూ, మెట్ల మలుపునూ టేపుతో కొలిచాకే ప్లైవుడ్ కోయించండి. అవసరమైతే 1000 మి.మీ. బోర్డులకు దిగవచ్చు, అప్పుడు ఎలివేటరు సైడింగులో రెండు వ్యాగన్లు తగ్గుతాయి. కోత పనిని ప్లైవుడ్ దుకాణంలోని యంత్రం మీదే చేయించుకోవడం మేలు. చేతి రంపంతో కోసిన అంచులు కచ్చితంగా లంబంగా రావడం కష్టం, ఈ లేఅవుట్‌లో చివరి అంచులు లంబంగా ఉండటం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

వీటికి తోడు 914 × 100 మి.మీ. ప్లైవుడ్ పట్టీ ఒకటి కావాలి. ఒక నిండు ఫ్లెక్స్ ట్రాక్ ముక్కను దాని మీద అతికిస్తే అదే క్యాసెట్ అవుతుంది, అంటే ఊరికి అవతల ఉన్న ప్రపంచం. ఇంజనూ మూడు వ్యాగన్లూ అక్కడి నుంచే వస్తాయి, తిరిగి అక్కడికే వెళ్తాయి.

2. ప్రణాళికను కాగితంపై అసలు కొలతలో గీయండి

ఎడమ బోర్డు ఎడమ అంచు నుంచి కొలతలు మొదలవుతాయి. క్యాసెట్ ఆ అంచుకు తగులుతుంది. మెయిన్ లైను ఆ చివర నుంచి ఈ చివరకు సాగి కుడి అంచుకు 60 మి.మీ. ముందు ఆగిపోతుంది. 80 మి.మీ. దగ్గర మొదటి పాయింటు ఉంటుంది, దాని నుంచి వెనకవైపుకు ఎలివేటరు సైడింగు విడిపోతుంది. 400 మి.మీ. దగ్గర రెండో పాయింటు ఉంటుంది, దాని నుంచి ముందువైపుకు ఎరువుల డీలరూ, అందరూ వాడుకునే టీమ్ ట్రాకూ ఉన్న పొట్టి సైడింగు వెళ్తుంది. పాయింట్ల పొడవు తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి, అసలు పరిమాణంలో టెంప్లేట్లు ముద్రించి బోర్డు మీద పరచి చూసుకోండి.

పక్కపక్క పట్టాల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి 50 మి.మీ. ఉండాలి. నంబరు 6 పాయింటులో పట్టా ప్రతి 6 మి.మీ. ముందుకు సాగినప్పుడు 1 మి.మీ. పక్కకు జరుగుతుంది కనుక, ఫ్రాగ్ దాటాక కొంత దూరం వరకు వ్యాగన్ నిలిపితే పక్క పట్టా మీది ఇంజను దాన్ని రాసుకుంటుంది. సైడింగులో ఎన్ని వ్యాగన్లు పడతాయో లెక్కించేటప్పుడు చాలామంది ఈ దూరాన్ని మరిచిపోయి పాయింటు మొదలు నుంచే కొలుస్తారు. రెండు అసలు వ్యాగన్లను పక్కపక్కన నిలిపి, తగలకుండా ఉండే చోట పెన్సిలు గుర్తు పెట్టి, అక్కడి నుంచి లెక్కించండి.

ఇక ఎలివేటరు సైడింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తక జ్ఞానంతో కట్టినవారికీ, అసలు ఎలివేటరు పనిని గమనించి కట్టినవారికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. ధాన్యం నింపే గొట్టం కదలదు, వ్యాగన్లే దాని కింద ఒక్కొక్కటిగా జరుగుతాయి. కాబట్టి గొట్టానికి ఒకవైపు ఖాళీ హాపర్లు అన్నీ నిలిచేంత పట్టా, రెండోవైపు నిండినవి అన్నీ నిలిచేంత పట్టా ఉండాలి. గొట్టాన్ని సైడింగు చివర పెడితే రెండో వ్యాగన్‌ను ఎప్పటికీ నింపలేరు. మన ప్రణాళికలో సైడింగు వాడుకోగలిగిన భాగం సుమారు 580 నుంచి 2340 మి.మీ. వరకు ఉంది. గొట్టాన్ని 1460 దగ్గర, అంటే సరిగ్గా నడుమ నిలపండి. హాపరు ఒక్కొక్కటి సుమారు 200 మి.మీ. కనుక రెండువైపులా నాలుగేసి పడతాయి. మీ హాపర్లను కప్లరు నుంచి కప్లరు వరకు కొలిచి ఈ లెక్క సరిచూసుకోండి.

ఇంజను ఊళ్లోకి వచ్చేటప్పుడు వ్యాగన్లను ముందు పెట్టుకుని తోసుకుంటూ వస్తుంది. ముందున్న స్టేషన్‌లో ఇంజను అటు నుంచి ఇటు మారి వెనక చేరిందని అనుకోవాలి. బ్రాంచి చివర ఇంజను మారే లూపు లేనిచోట ఇలా తోసుకురావడం నిజమైన రైళ్లు కూడా చేసే పనే. అందువల్ల లూపు లేకపోవడం లోపమేమోనని కలత పడకండి.

రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, ఏ పాయింటూ బోర్డుల అతుకు మీదికి రాకూడదు. రెండోది, పట్టాలను బోర్డు ముందు అంచుకు సమాంతరంగా కాక రెండు మూడు డిగ్రీలు వాలుగా వేయండి. అంత చిన్న వాలుతోనే బోర్డు పట్టీలా కాకుండా నేలలా కనిపించడం మొదలవుతుంది. అతుకు దగ్గర కూడా ఆ కొద్ది వాలు ఇబ్బంది పెట్టదు.

3. బోర్డులను తయారు చేయండి

పై పలకకు చుట్టూ 90 మి.మీ. లోతు పట్టీలు, నడుమ రెండు అడ్డ పట్టీలు ఫెవికాల్‌తోనూ స్క్రూలతోనూ బిగించండి. మూలమట్టంతో ప్రతి మూలనూ చూడండి. అడ్డ పట్టీలను పాయింటు కదిలే బ్లేళ్ల కిందికి రాకుండా జరపండి. బిగించాక పైన, కింద, పక్కల, వైరు కోసం చేసిన రంధ్రాల లోపల కూడా వార్నిష్ లేదా ప్రైమరు వేయాలి. పైవైపు మాత్రమే రంగు వేస్తే అడుగువైపు చెమ్మ పీల్చి బోర్డు వంగుతుంది. కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు ఈ పని అసలు దాటవేయకూడదు.

అమెరికాలో ఉన్నవారు పై పలక బదులు 50 మి.మీ. గులాబీ లేదా నీలి రంగు ఫోమ్ బోర్డు వాడి బరువు తగ్గించుకోవచ్చు. ఇక్కడి థర్మోకోల్ దానికి సాటి కాదు, వేలితో నొక్కితే గుంట పడుతుంది. దాన్ని నేల ఎత్తుపల్లాలకు మాత్రమే వాడండి, ద్రావకం కలిసిన జిగురు దాని దగ్గరికి రానివ్వకండి, కరిగిపోతుంది.

రెండు బోర్డుల చివరి పట్టీలను క్లాంపులతో కలిపి పట్టి, రెండింటి గుండా ఒకేసారి రంధ్రాలు చేయండి. విడివిడిగా కొలిచి చేసిన రంధ్రాలు కలవవు. బోల్టులు బోర్డులను దగ్గరికి లాగి పట్టుకుంటాయి, అమరికను డోవెళ్లు నిలుపుతాయి. బోల్టులే అమరికను కూడా చూసుకుంటాయని నమ్మడం చాలా సాధారణమైన పొరపాటు. 8 మి.మీ. బోల్టు రంధ్రంలో అర మిల్లీమీటరు ఆట ఉంటుంది, పట్టా దగ్గర అర మిల్లీమీటరు తేడా చక్రాన్ని దింపేయడానికి చాలు.

సరిచూసుకోవడం: బోర్డులను పదిసార్లు విప్పి బిగించండి. ప్రతిసారీ అతుకు మీద గోరు అడ్డంగా నడపండి. పదిసార్లూ గోరుకు మెట్టు తగలకపోతేనే ముందుకు సాగండి.

4. పట్టాలు వేయండి

మెయిన్ లైను కింద 5 మి.మీ. కార్క్, సైడింగుల కింద 3 మి.మీ. కార్క్ వేయండి. నిజమైన పల్లెల్లోనూ సైడింగు మెయిన్ లైను కంటే కాస్త కిందికే ఉంటుంది. రెండింటి మధ్య తేడాను ఒక్క మెట్టుగా వదలకుండా, పాయింటు దాటాక 200 మి.మీ. పొడవున శాండ్ పేపరుతో వాలుగా రుద్దండి. పాయింటు కింద మాత్రం పూర్తిగా సమతలం ఉండాలి. రసమట్టం పెట్టి రెండు దిశల్లోనూ చూడండి.

అతుకు దగ్గర పని ఈ క్రమంలోనే జరగాలి. బోర్డులను బిగించి ఉంచండి. అతుకుకు రెండువైపులా చివరి మూడు స్లీపర్ల చోట పీసీబీ ముక్కలను స్క్రూలతోనూ ఎపాక్సీతోనూ బిగించండి. ప్రతి ముక్క మధ్యలో రాగిపూతను ఆకురాయితో గీసి తెంచండి, లేకపోతే రెండు పట్టాలూ రాగి ద్వారా కలిసి షార్టు అవుతుంది. పట్టాను అతుకు మీదుగా ఒకే ముక్కగా పరచి, పీసీబీకి టంకం వేసి, అంతా చల్లారాక సన్నని కోత చక్రంతో అతుకు దగ్గర పట్టాను కోయండి. ముందే కోసిన రెండు ముక్కలను ఎదురెదురుగా అమర్చాలని చూస్తే వారాలు పోతాయి, ఫలితమూ రాదు. క్యాసెట్ అతుకును కూడా ఇలాగే చేయండి. ఒక బోర్డు పట్టా చివర పొడుచుకు వస్తే మోసేటప్పుడు తగిలి వంగుతుంది కాబట్టి అంచుతో సమానంగా ఆకురాయి పట్టండి.

మిగతా చోట్ల పట్టా ముక్కల మధ్య 1 మి.మీ. సందు వదలండి. వేసవిలో పట్టా పెరిగేదానికంటే వానాకాలంలో చెక్క పెరిగేదే ఎక్కువ, అయినా ఆ సందు రెండింటికీ పనికొస్తుంది.

సరిచూసుకోవడం: ఎన్‌ఎంఆర్‌ఏ గేజిని ప్రతి పట్టా మీద, ముఖ్యంగా పాయింట్ల ఫ్రాగ్ దగ్గరా, దాని ఎదుట చక్రాన్ని దారి తప్పకుండా పట్టే చెక్ పట్టాల దగ్గరా నడపండి. తరువాత ఒక్క హాపరును వేలితో తోస్తూ ప్రతి దారిలోనూ ముందుకూ వెనక్కూ నడపండి. ఒక్క వ్యాగన్‌ను లాగడం పరీక్ష కాదు. ఐదు వ్యాగన్లను వెనక నుంచి తోస్తూ పాయింటు మలుపులోకి పంపినప్పుడే లోపాలు బయటపడతాయి. పట్టా తప్పిన ప్రతిచోటా మాస్కింగ్ టేపు అంటించి, ఏ వ్యాగను, ఏ దిశలో అన్నది రాయండి. ఒకే వ్యాగన్ అన్నిచోట్లా తప్పితే లోపం వ్యాగన్‌లో ఉంది, అన్ని వ్యాగన్లూ ఒకేచోట తప్పితే లోపం పట్టాలో ఉంది.

5. కరెంటు

ఒక్క ఇంజనే కనుక సాధారణ 12 వోల్టుల డీసీ కంట్రోలరు సరిపోతుంది. శబ్దమూ, మరింత నెమ్మది నడకా కావాలంటే డీసీసీ, అంటే పట్టాల ద్వారా ఇంజనుకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి, తీసుకోండి. అమెరికాలో కొన్న పరికరాన్ని ఇండియాకు తెచ్చేవారు అడాప్టరు మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో తప్పక చూడాలి. 120 వోల్టులకే చేసిన అడాప్టరును మన 230 వోల్టుల సాకెట్టులో పెడితే కాలిపోతుంది.

బోర్డు కింద ఎరుపు, నలుపు ప్రధాన వైర్లు లాగి, పట్టా ప్రతి ముక్కకూ విడిగా ఫీడరు వైరు టంకం వేయండి. పట్టాలను కలిపే జాయినర్లే కరెంటును మోస్తాయని వదిలేయడం రంగు వేసేంత వరకే పనిచేస్తుంది. రంగూ జిగురూ జాయినరులోకి చేరాక ఇంజను అక్కడక్కడ ఆగడం మొదలవుతుంది. ఫ్రాగ్‌కు పాయింటుతో పాటు మారే చిన్న మైక్రోస్విచ్ ద్వారా కరెంటు ఇవ్వండి. పొట్టి ఇంజను ఫ్రాగ్ మీద నిలిచిపోయే సమస్య దీనితో తీరుతుంది. ఫ్రాగ్ నుంచి వచ్చే పట్టాల మీద ఇన్సులేటెడ్ జాయినర్లు పెట్టాలా వద్దా అన్నది పాయింటు రకాన్ని బట్టి మారుతుంది, దానితో వచ్చిన కాగితం చదివి చేయండి.

సరిచూసుకోవడం: 27 మి.మీ. వెడల్పుండే మన పది రూపాయల నాణెం, లేదా అమెరికన్ క్వార్టరు, ప్రతి పట్టా ముక్క చివర రెండు పట్టాల మీద అడ్డంగా ఒక్క క్షణం పెట్టండి. కంట్రోలరు వెంటనే కరెంటు ఆపేయాలి. ఆపకపోతే అక్కడికి కరెంటు బలహీనంగా అందుతోందని అర్థం. ఆ చోట మరో ఫీడరు వేయండి.

6. ఇంజనూ వ్యాగన్లూ

దృశ్యాలకు వెళ్లే ముందు వ్యాగన్లను సరిచేయాలి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, ఆ తరువాత తప్పును పట్టాల మీద వెతుకుతారు.

బరువు విషయంలో ఎన్‌ఎంఆర్‌ఏ సూచన సులభమైనది: హెచ్‌ఓ వ్యాగన్‌కు మొదట 28 గ్రాములు, ఆపై పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు. ఆ లెక్కన 50 అడుగుల బాక్స్‌కారు సుమారు 125 గ్రాములు, పొడవైన హాపరు సుమారు 135 గ్రాములు తూగాలి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. తక్కువైతే లోపల ఇనుప వాషర్లు అతికించండి, వీలైనంత కింద, రెండు చివరలా సమానంగా.

కప్లరు ఎత్తును గేజితో చూడండి. కప్లరు కింద వేలాడే వంపు తీగ పాయింటు మీద గీసుకుంటే శ్రావణంతో కాస్త పైకి వంచండి. ప్లాస్టిక్ చక్రాలు తీసేసి లోహపు చక్రాలు వేయండి. ఇక్కడొక చిన్న సంగతి ఉంది: 100 టన్నుల హాపర్లకు నిజంలో 36 అంగుళాల చక్రాలుంటాయి, హెచ్‌ఓలో అవి 10.5 మి.మీ. వస్తాయి. 70 టన్నుల బాక్స్‌కార్లకు 33 అంగుళాలవి, అంటే 9.6 మి.మీ. అన్నింటికీ ఒకే చక్రాలు వేస్తే ఎత్తు కుదరక కప్లర్లు జారిపోతాయి.

కాలానికి సంబంధించిన పొరపాటొకటి తరచుగా చూస్తుంటాను. 1980ల బాక్స్‌కార్ల పైకప్పు మీద నడక పలక ఉండకూడదు, 1966 నుంచి కొత్త బాక్స్‌కార్లను అది లేకుండానే కట్టారు. కవర్డ్ హాపర్ల మీద మాత్రం ఉండాలి, ఎందుకంటే మూతలు తెరవడానికి మనిషి పైకి ఎక్కాలి.

సరిచూసుకోవడం: ఇంజను సెకనుకు 25 మి.మీ. వేగంతో ఆగకుండా మొత్తం పొడవు నడవాలి. అది నిజంలో గంటకు 5 మైళ్ల వేగం. అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో క్లాస్ 1 పట్టా మీద గూడ్సు రైలు గరిష్ఠ వేగం 10 మైళ్లే. ఆ 10 మైళ్ల వేగంతో మన 2400 మి.మీ. దాటడానికి సుమారు 47 సెకన్లు పట్టాలి. గడియారం పెట్టుకుని ఒకసారి నడిపితే, మీరు ఇన్నాళ్లూ ఎంత వేగంగా నడుపుతున్నారో తెలుస్తుంది.

7. నేల, గడ్డి, ఎలివేటరు

పట్టాల పక్కలకు తుప్పు గోధుమ రంగు వేసి, పైతలాన్ని వెంటనే తుడవండి. తరువాత కంకర, మట్టి చల్లి, సబ్బు చుక్క కలిపిన నీళ్లు తుంపరగా కొట్టి, ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి చుక్కలుగా వదలండి. ముందుగా తడపకుండా జిగురు వదిలితే కంకర ముద్దలు కడుతుంది. పాయింటు బ్లేళ్ల దగ్గర జిగురు వద్దు, అక్కడ పొడి రంగుతోనే సరిపెట్టండి. సైడింగుల్లో స్లీపర్లు సగం కనబడకుండా మట్టి కప్పవచ్చు, అయితే పట్టాల లోపలివైపు చక్రం అంచు నడిచే జాగా ఖాళీగా ఉండాలి.

మట్టిని ఇంటి దగ్గరదే వాడవచ్చు. టీ వడపోతలో జల్లించి, బలమైన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి దానిలో బాగా తిప్పండి. మన మట్టిలో ఇనుప రేణువులు ఉంటాయి, అవి ఇంజను మోటారులోకి చేరితే మోటారు చెడుతుంది. రంగు సంగతి కూడా చూసుకోవాలి. తెలంగాణ చెలకల ఎర్రమట్టి గోధుమ పండే మధ్య, పశ్చిమ కాన్సాస్‌కు నప్పదు, అక్కడి హార్నీ నేలలు ముదురు బూడిద గోధుమ రంగులో ఉంటాయి. ఆరబెట్టి దంచిన నల్లరేగడిలో కాస్త లేత గోధుమ రంగు కలిపితే దగ్గరగా వస్తుంది. ఎర్రమట్టే వాడాలనుకుంటే ఊరిని దక్షిణాన మెడిసిన్ లాడ్జ్ దగ్గరి రెడ్ హిల్స్‌కు మార్చుకోండి, అక్కడ నేల నిజంగానే ఎర్రన.

కాలాన్ని కూడా ఒకటి నిర్ణయించుకోండి. జూన్ చివరైతే పొలం బంగారు రంగు, జూలై చివరైతే కోసిన మోళ్లు. ఒకే బోర్డులో పచ్చని చెట్టూ, ఎండిన గడ్డీ, పూలూ అన్నీ చల్లితే ఏ ఋతువూ కాకుండా పోతుంది.

ఎలివేటరు విషయంలో ఎత్తును అదుపులో పెట్టండి. 120 అడుగుల కాంక్రీటు ఎలివేటరు హెచ్‌ఓలో 420 మి.మీ. లేస్తుంది, బోర్డును మింగేస్తుంది, పెట్టెలోనూ పట్టదు. 70 అడుగుల పాత చెక్క ఎలివేటరు, పైన రేకు తాపడంతో, 245 మి.మీ. వస్తుంది. పక్కన ఉక్కు గాదెలకు 110 మి.మీ. పీవీసీ డ్రైనేజీ గొట్టం చక్కగా సరిపోతుంది, అది సుమారు 31 అడుగుల వ్యాసానికి సమానం. దానికి ముడతల కాగితం చుట్టి వెండి బూడిద రంగు వేయండి. భవనాలన్నింటినీ చిన్న అయస్కాంతాలతో నిలపండి, అతికించకండి.

ఇక మిగిలిన స్థలాన్ని ఖాళీగా వదలండి. కుడి బోర్డు ముందు భాగంలో గడ్డి, ఒక తీగ కంచె, ఒక మట్టిబాట, దాని మీద అడ్డగుర్తు హెచ్చరిక స్తంభాలు తప్ప మరేమీ పెట్టకండి. వెనక తెరపై దిగంతాన్ని కిందికి, పట్టాల ఎత్తు కంటే కొద్దిగా పైకి మాత్రమే గీయండి. మైదానం వెడల్పు కళ్లకు కనిపించేది ఆ ఆకాశంలోనే.

8. నడపండి

మొదటి రోజు ఈ వరుస పాటించండి. సైడింగుల్లో ఐదు వ్యాగన్లు ముందే నిలపండి, క్యాసెట్ మీద ఇంజనూ మూడు వ్యాగన్లూ. ప్రతి వ్యాగన్‌కూ ఒక చీటీ రాయండి: ఎక్కడికి చేరాలి, నిండిందా ఖాళీనా. హాపరు నిండిందో లేదో బయటికి కనిపించదు కాబట్టి చీటీయే ఆధారం. 60 పౌండ్ల బుషెలు లెక్కన 100 టన్నుల హాపరులో 3,300 బుషెళ్లకు పైగా గోధుమలు పడతాయని గుర్తుంచుకుంటే, ఒక్కో వ్యాగన్‌ను నింపడానికి కాసేపు ఆగాలనిపిస్తుంది.

క్యాసెట్‌లో మూడు వ్యాగన్లే పడతాయి. నాలుగు నిండిన హాపర్లను ఒకేసారి లాగలేరు. ఈ పరిమితి వల్లనే ఆలోచించి నడపాల్సి వస్తుంది, క్యాసెట్ పొడవు పెంచితే ఆసక్తి పోతుంది. ఇదే సూత్రంపై ఆలన్ రైట్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన ఇంగిల్‌నుక్ ప్రణాళికలో రెండు పాయింట్లూ, ఐదు, మూడు, మూడు వ్యాగన్ల సైడింగులూ మాత్రమే ఉంటాయి. ఎనిమిది వ్యాగన్లలో ఐదింటిని నిర్దేశించిన వరుసలో పేర్చాలంటే 6,720 రకాల వరుసలు సాధ్యమవుతాయి.

వ్యాగన్లను విడదీయడానికి సన్నని వెదురు పుల్లను కప్లర్ల మధ్య పెట్టి తిప్పితే చాలు. అయస్కాంతాలు పట్టాల కింద పాతితే వాటి మీద ఆగినప్పుడల్లా అక్కర్లేకుండా విడిపోతుంటాయి.

9. మోయడం

రెండు బోర్డులనూ ఎదురెదురుగా, 280 మి.మీ. ఎత్తు ప్లైవుడ్ పలకలను రెండు చివరలా బిగించి, ఒకే పెట్టెగా కలపండి. 245 మి.మీ. ఎలివేటరును ముందే తీసేయడం మరవకండి, ఎదుటి బోర్డు మీద కూడా గడ్డీ స్తంభాలూ ఉంటాయి. చివరి పలకలు పట్టా చివరలను కూడా కాపాడతాయి. వ్యాగన్లను బోర్డు మీద ఉంచి ఎప్పుడూ మోయకండి.

కొత్త చోట దించాక గంటసేపు అలాగే ఉంచండి. ఏసీ కారు నుంచి తేమ గదిలోకి వచ్చిన చెక్కకు ఆ సమయం కావాలి. తరువాత బిగించి, రసమట్టం చూసి, అతుకు మీద గోరు నడిపి, నాణెం పరీక్ష చేసి, పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, ఇంజను లేకుండా ఒక హాపరును చేత్తో అతుకు దాటించండి. అది ఊగకుండా దాటితే క్యాసెట్ తగిలించి ఇంజనును పట్టా మీద పెట్టండి.